నిరుటి గుడ్డు

మా పురపాలక సంఘం వారికి పండుగలంటే మహా ఇష్టం. ఏ పండుగనూ దాని మానాన దాన్ని వదల్లేరు. వినాయక చవితికి మట్టి బొమ్మలు చేయించారు, బాగుంది. హోలీకి మోదుగపూల రంగులు పంచారు, అదీ బాగుంది. దీపావళికి చప్పుడు చెయ్యని టపాసులు పంచారు. అవి చెప్పినట్టే చప్పుడు చెయ్యలేదు, వెలగనూ లేదు. ఇంత కృషి చూసి పైవాళ్ళు పిలిచి శాలువా కప్పారు. కప్పుతూ కప్పుతూ, "అన్ని మతాల పండుగలూ అయ్యాయా?" అని అడిగారట. తిరిగొచ్చి చూసుకుంటే ఈస్టరు అనే గడి ఖాళీగా ఉంది.

ఆ గడి నింపడానికే ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టల ఆదివారం మర్నాడు హరిత పండుగల ప్రత్యేకాధికారి పురుషోత్తం గారు మా చర్చికి వేంచేశారు. వెనకాల ఫైలు పట్టుకుని ఒకాయన, కెమెరా పట్టుకుని ఒకాయన.

నేను ఆ చర్చికి కార్యదర్శిని, పేరు కృపావరం. రైల్వేలో టిక్కెట్లిచ్చే కిటికీ వెనకాల కూర్చుని రిటైరయ్యాను. ఆఫీసు భాష నాకైతే అర్థమవుతుందని మా పాస్టరయ్యగారు నన్నే ముందుకు తోశారు.

"ఈస్టరు సందర్భంగా మీ సంస్థ వెలువరించే కాలుష్యం ఏమిటండీ?" అన్నారు పురుషోత్తం గారు, కుర్చీలో కూర్చోకముందే.

"ఏమీ లేదండీ. తెల్లారగట్ల సమాధుల తోటలో ఆరాధన చేసుకుంటాం. వచ్చి టిఫిను తింటాం."

"టపాసులు?"

"లేవండీ."

"నిమజ్జనం?"

"బాప్తిస్మం ఉందండీ. కానీ మునిగినవాళ్ళు మళ్ళీ పైకి వచ్చేస్తారు."

ఆయన ముఖం చూస్తే నాకే జాలేసింది. పాపం, అంత దూరం వచ్చారు, ఆ మనిషి చేతిలో ఏదో ఒక కాలుష్యం పెట్టి పంపించకపోతే ఎలా? అందుకే నోరు జారాను. "హాస్టలు పిల్లలు గుడ్లకి రంగులేస్తారండీ" అన్నాను.

ఆయన కళ్ళల్లో దీపాలు వెలిగాయి.

ఆ గుడ్ల సంగతి కాస్త చెప్పాలి. మా మిషన్ కాంపౌండులో చిన్న పిల్లల హాస్టలుంది. వార్డెను సలోమమ్మ. గొంతు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. ఆదివారం మధ్యాహ్నం పిల్లల కంచంలో తలా ఒక గుడ్డు పెడతారు, వాళ్ళకి వారమంతటికీ అదే పండగ. ఈస్టరుకి ముందు నలభై రోజులూ మాకు ఉపవాసాల కాలం, శ్రమల దినాలంటాం. ఆ దినాల్లో ఆ గుడ్డు పిల్లలు తమంతట తాము వదులుకుంటారు. అవి కుష్టు ఆసుపత్రికి పోతాయి. దానికి బదులుగా సలోమమ్మ పిల్లలకి ఒక మాటిస్తుంది. ఈస్టరు ముందు రోజు ఎవరి గుడ్డు వాళ్ళకి ఇస్తుంది. విరిగిన కొవ్వొత్తి ముక్కతో గుడ్డు మీద పేరు రాసుకుని, ఉల్లితొక్కల నీళ్ళలోనో పసుపు నీళ్ళలోనో ఉడికించుకోవాలి. మైనం ఉన్నచోట రంగంటదు. ఎర్రటి గుడ్డు మీద తెల్లగా పేరు తేలుతుంది. సమాధుల తోట నుంచి రాగానే ఆ గుడ్డు ఒలుచుకుని తింటారు. చిన్నతనంలో నేనూ తిన్నాను. అంత రుచి గల గుడ్డు మళ్ళీ తినలేదు.

ఆ ఏడు రూతు అనే రెండో తరగతి పిల్ల కొత్తగా చేరింది. అదే దానికి మొదటి ఉపవాసం. గుడ్డు కంచంలోంచి తీసి పక్కన పెట్టిన ప్రతి ఆదివారం వంటింటి గోడ మీద కొవ్వొత్తి ముక్కతో పేరు రాసి చూసుకునేది, ఈస్టరు నాటికి చెయ్యి తిరగాలని.

"రంగుల్లో ఏం కలుపుతారమ్మా?" అనడిగారు పురుషోత్తం గారు సలోమమ్మని, పెన్ను తెరిచి పట్టుకుని.

"కలపడానికేముంది బాబూ. ఉల్లితొక్కలు, పసుపు, బీట్రూటు. ఇంత ఉప్పు."

పెన్ను ఆగిపోయింది. "రసాయనాలు?"

"ఉప్పు రసాయనమే అంటే రాసుకోండి."

ఆయన ఫైలు తెరిచి నాకు చూపించారు. అందులో మూడు గడులు. మొదటిది ఇంతకు ముందు వాడిన విషపూరిత రంగులు. రెండోది ప్రస్తుతం వాడుతున్న హరిత రంగులు. మూడోది తగ్గుదల శాతం.

"చూడండి కార్యదర్శిగారూ, మీ దగ్గర విషం సున్నా. సున్నా నుంచి సున్నాకి తగ్గుదల సున్నా. అంటే మీ చర్చి పర్యావరణానికి చేసిన సేవ సున్నా అని రాయాల్సి వస్తుంది."

"మేం అసలు పాడే చెయ్యలేదు కదండీ!"

"అదే సమస్య. మార్పు రానివారిని శాఖ 'స్పందన లేనివారు' అనే వర్గంలో చేరుస్తుంది. సమాధుల తోట పురపాలక సంఘం అధీనంలో ఉంది కాబట్టి, స్పందన లేనివారికి సూర్యోదయ ఆరాధన అనుమతి విషయం పునఃపరిశీలించాల్సి ఉంటుంది."

మా అమ్మానాన్నలు, వాళ్ళ అమ్మానాన్నలు, అందరూ ఆ తోటలోనే ఉన్నారు. ఈస్టరు తెల్లవారు జామున వాళ్ళ తలల దగ్గర కొవ్వొత్తి వెలిగించకపోతే మాకు ఈస్టరు లేనట్టే.

"మార్గమేమైనా ఉందాండీ?" అన్నాను.

"ఎందుకు లేదు? మీకు ప్రాథమిక స్థితి లేదు, అంతే. దాన్ని సృష్టించుకుందాం. గురువారం విషపూరిత రంగులు వేయండి. మా వాళ్ళు ఫొటో తీసి నమోదు చేస్తారు. శనివారం హరిత రంగులకు మారండి. నూటికి నూరు శాతం తగ్గుదల! జిల్లాలోనే మొదటి చర్చి మీదవుతుంది."

కమిటీ కూర్చుని ఆలోచించింది. మా కమిటీ ఆలోచించడమంటే అయ్యగారు నా వంక చూడ్డం, నేను తలూపడం. ఊపాను.

గురువారం చర్చి గేటుకి వెయ్యగా మిగిలిన ఆకుపచ్చ ఆయిల్ పెయింటు డబ్బా తీశాం. దానికి తోడు కిటికీ ఊచలకి వేసే వెండిరంగు. ఒక గుడ్డుకి వేసి చూపిస్తాం అన్నాను. పురుషోత్తం గారు ఒప్పుకోలేదు.

"ఒక గుడ్డుకి వేస్తే ఒక గుడ్డుకే తగ్గుదల వస్తుంది. అందరి గుడ్లకీ వేయాలి. గణాంకాలు సమగ్రంగా ఉండాలి."

అప్పుడు సలోమమ్మ గుడ్ల బుట్ట ఒడిలో పెట్టుకుని వంటింటి గడపలో కూర్చుంది. "పిల్లల నోటికాడిది ఇది. గేటు రంగు పూస్తానంటే నన్ను దాటుకెళ్ళి పుయ్యండి" అంది.

ఆవిణ్ణి దాటడం మాటలు కాదు. గడప పూర్తిగా నిండిపోయింది.

"అమ్మా, మీ ఆవేదన శాఖ దృష్టికి వచ్చింది. ఈ గుడ్లకు బదులుగా శనివారం ఉదయం హరిత రంగులతో సహా కొత్త గుడ్లు శాఖ తరఫున అందజేయబడతాయి. ఇది నా హామీ" అన్నారు పురుషోత్తం గారు.

అయ్యగారు కూడా బతిమాలారు. సమాధుల తోట మాట ఎత్తేసరికి ఆవిడ మెత్తబడింది. ఆవిడ భర్త అక్కడే ఉన్నాడు. లేచి బుట్ట ఇచ్చేసి లోపలికి పోయింది. మేం గుడ్లు ఉడకబెట్టి వాటికి గేటు రంగు పూశాం. ఫొటోలు తీశారు. "ప్రాథమిక స్థితి అద్భుతంగా ఉంది, వాసన కూడా వస్తోంది" అని మెచ్చుకున్నారు.

శనివారం శాఖ జీపొచ్చింది. అందులోంచి మూత మీద ఆకు బొమ్మ ఉన్న డబ్బాలు దిగాయి. రంగుల నిపుణుడొకాయన దిగారు. గుడ్లు దిగలేదు.

నిపుణుడు ముందుగా పర్యావరణం గురించి ప్రసంగించారు. తర్వాత డబ్బాలోంచి ఆకుపచ్చ రంగు టీ గ్లాసులోకి ఒంపుకుని గటగటా తాగేశారు. "చూశారా? పసిపిల్లలు నోట్లో పెట్టుకున్నా నిరపాయకరం" అన్నారు. ఆయన మీసాలు ఆకుపచ్చగా అయ్యాయి.

"పంచదార సరిపోయిందా బాబూ?" అంది సలోమమ్మ. వెంటనే, "మా గుడ్లేవీ?" అంది.

పురుషోత్తం గారు కాస్త నీళ్ళు నమిలారు. "రంగులు మా శాఖ కిందికి వస్తాయమ్మా. గుడ్లు పశుసంవర్ధక శాఖ. ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తున్నాయి. అయినా కొత్త గుడ్లయితే పోలిక కుదరదని పైవారి అభిప్రాయం. విషం నుంచి హరితానికి మారినట్టు చూపాలంటే అవే గుడ్లు మారాలి కదా!"

అవే గుడ్లు మార్చడం మొదలుపెట్టాం. ఆయిల్ పెయింటు మీద నీళ్ళ రంగు నిలవలేదు, వేసింది వేసినట్టే కారిపోయింది. నిపుణుడు ఆలోచించి టర్పెంటైను తెప్పించారు. గుడ్లన్నీ టర్పెంటైనుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ కడిగి, వాటి మీద నిరపాయకరమైన రంగు వేశాం. పిల్లలు కొవ్వొత్తి ముక్కలు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. మైనంతో పేరు రాసుకునే సదుపాయం హరిత విధానంలో లేదు.

సలోమమ్మ ఇక ఆగలేక, బజారుకెళ్ళి తన డబ్బుతో వేరే గుడ్లు తెస్తానని సంచీ తీసింది. ఆ వీలు కూడా లేకపోయింది. ఆదివారం పురపాలక సంఘం కమిషనరు గారు వచ్చి వెళ్ళేదాకా కాంపౌండులో నమోదు కాని గుడ్డు ఉండకూడదన్నారు. వంటింట్లో ఉన్న పసుపు, ఉల్లిపాయలు ధ్రువీకరణ లేని రంగు పదార్థాల కిందికి వస్తాయని వంటింటికి తాళం వేసి లక్కముద్ర కొట్టారు. ఆ రాత్రి పిల్లలకి అమ్మగారు, అంటే పాస్టరుగారి భార్య, తన ఇంట్లో చారు కాచి పోసింది. పసుపు వెయ్యకుండా.

తెల్లారి సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించాం. క్రీస్తు లేచెను అంటే నిజముగా లేచెను అన్నాం. అనుమతి పత్రం నా జేబులో భద్రంగా ఉంది. తిరిగొచ్చేసరికి హాస్టలు వరండాలో షామియానా, బ్యానరు, కమిషనరు గారు. పిల్లల చేతుల్లో తలా ఒక హరిత గుడ్డు.

"పిల్లలు గుడ్లు ఆరగిస్తున్న దృశ్యం తీయండి" అన్నారు పురుషోత్తం గారు కెమెరా ఆయనతో.

సలోమమ్మ మధ్యలోకి వచ్చి రెండు చేతులూ జోడించింది. "అయ్యా, మా హాస్టల్లో ఒక అలవాటుంది. అతిథి ముట్టందే పిల్లలు ముట్టరు. ముందు తమరు."

కమిషనరు గారి చేతిలో గుడ్డు పెట్టింది. ఆయన నవ్వుతూ అందుకున్నారు, నవ్వుతూ ముక్కు దగ్గర పెట్టుకున్నారు. నవ్వు ఆగిపోయింది. "పురుషోత్తం గారూ, ఈ కృషి అంతా మీది. ఈ గౌరవం మీకే దక్కాలి" అని ఆయనకిచ్చారు. పురుషోత్తం గారు శాస్త్రం ముందుండాలని నిపుణుడికిచ్చారు. నిపుణుడికి నిన్నటి నుంచి కడుపులో బాగాలేదట, నాకిచ్చారు. నా వెనకాల ఎవరూ లేరు. నేను దాన్ని భక్తిగా జేబులో పెట్టుకున్నాను. ఆ చొక్కా మళ్ళీ పనికి రాలేదు.

"నిరపాయకరమని ధ్రువీకరించబడినది కాబట్టి తినవలసిన అవసరం లేదు" అని కమిషనరు గారు తేల్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. మా చర్చికి ప్రశంసాపత్రం ఇచ్చారు. తగ్గుదల నూటికి నూరు.

వాళ్ళు వెళ్ళిపోయాక సలోమమ్మ పిల్లల చేతుల్లోంచి ఒక్కొక్క గుడ్డే తీసుకుని బకెట్లో వేసింది. ఎవరూ మారాం చెయ్యలేదు. రూతు మాత్రం గుడ్డు ఇస్తూ అడిగింది. "మామ్మా, శ్రమల దినాలు ఇంకా అవలేదా?"

సలోమమ్మ ఆ గుడ్డు కూడా బకెట్లో వేసింది. బకెట్టు పట్టుకుని పెరట్లోకి పోయింది. నాకు సిగ్గేసింది. ప్రశంసాపత్రం చుట్ట చుట్టి వీపు వెనక్కి పెట్టుకున్నాను.

సోమవారం వంటిల్లు తెరిచాక గుడ్లు తెచ్చి ఉడకబెట్టి పెట్టింది. పిల్లలు తిన్నారు. రూతు తినలేదు. "ఇది మామూలు గుడ్డు. నా పేరు లేదు" అంది.

ఏడాది తిరిగింది. మా ఈస్టరు పుణ్యమా అని పురుషోత్తం గారికి ప్రమోషనొచ్చి జిల్లాకి వెళ్ళారు. ఆయన స్థానంలో మాధవీలత గారని కొత్తావిడ వచ్చారు. ఆవిడ మట్టల ఆదివారం దాకా ఆగలేదు, శ్రమల దినాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడే వచ్చారు.

"మీ చర్చి రికార్డు అద్భుతమండీ. అయితే ఒక ఇబ్బంది ఉంది. పోయినేడు విషం సున్నాకి వచ్చేసింది. ఈ ఏడు కూడా నూరు శాతం తగ్గుదల లక్ష్యంగా పెట్టారు. అందుచేత మీరు మళ్ళీ విషంతో మొదలుపెట్టాలి. మీ సంప్రదాయ రంగు గేటు పెయింటు అని ఫైల్లో ఉంది. అదే వాడతారా, ఇంకేదైనా ఉందా?"

నేను నోరు తెరవబోయాను. సలోమమ్మ నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది.

"ఇంకోటుందమ్మా. దానికంటే ముదురు. ఈస్టరు ముందు గురువారం రండి, మీ కళ్ళతో మీరే చూద్దురుగాని. శనివారానికి దాని ఆనవాలు ఉండదు. గుడ్లు మాత్రం మా దగ్గరివే, మా వంటింట్లోనే. పరాయి చెయ్యి పడితే ఆ రంగు విరుగుతుంది."

"సంప్రదాయ పద్ధతి" అని రాసుకున్నారు మాధవీలత గారు.

గురువారం వచ్చేసరికి హాస్టలు వెనకాల కట్టెల పొయ్యి మీద పెద్ద అండా ఉంది. తొక్కలన్నీ దేవేసిన నీళ్ళు, నల్లెరుపుగా, కుతకుతా ఉడుకుతున్నాయి. మాధవీలత గారు ఆమడ దూరంలో ఆగి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"బట్టకి అంటితే?"

"ఇక పోదమ్మా. ఆ బట్ట పారెయ్యాల్సిందే."

"చేతికి అంటితే?"

సలోమమ్మ అరచేతులు చాపి చూపించింది. ఎర్రగా పట్టేసి ఉన్నాయి. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేశారు.

"కళ్ళకేమైనా హానా?"

"అది తరిగేటప్పుడు చూడాలమ్మా. నీళ్ళు ధారగా కారతాయి. పోయినవారం మాకందరికీ అదే పని."

"లోపలికి వెళితే?"

"లోపలికెళ్ళిందంటే ఆ మనిషి పక్కన నుంచుని మాట్లాడలేమమ్మా."

మాధవీలత గారి పెన్ను పరుగెత్తింది. తీవ్ర విషపూరితం. చర్మానికి, నేత్రాలకు హానికరం. శ్వాస సంబంధమైన ప్రభావం కలదు. కెమెరా ఆయన పొగలో అండాని ఫొటో తీశాడు. ఆ ఫొటో చూస్తే నాకే భయమేసింది.

జీపు వెళ్ళాక సలోమమ్మని అడిగాను. "దేవుడి సేవకురాలివి, పవిత్ర వారంలో ఇన్ని అబద్ధాలా?"

"ఒక్క అబద్ధం ఉంటే చూపించు కృపావరం!" అని గరిటె ఎత్తింది.

ఆలోచించి చూశాను. ఒక్కటీ లేదు.

శనివారం పిల్లలు కొవ్వొత్తి ముక్కలు పట్టుకుని కూర్చున్నారు. గుడ్ల మీద పేర్లు రాసుకున్నారు. అదే అండాలో, అదే నీళ్ళలో, ఉప్పేసి ఉడికించారు. సాయంత్రం మాధవీలత గారు వచ్చి చూసేసరికి బుట్ట నిండా ఎర్రటి గుడ్లు, వాటి మీద తెల్లటి పేర్లు. పొయ్యి కడిగి ముగ్గు పెట్టి ఉంది.

"ఇవి హరిత రంగులేనా?"

"పూర్తిగా. పొలంలో పండిందే, బజార్లో కొన్నదే."

"మరి గురువారం నాటి విషం?"

"అదా? ఒక్క చుక్క మిగల్లేదమ్మా."

తగ్గుదల నూటికి నూరు. ఆకు బొమ్మ డబ్బాలు కూడా వచ్చాయి. వాటితో చర్చి గేటుకి రంగేశాం. మొదటి వానకే కారిపోయింది, నిరపాయకరంగా.

ఈస్టరు పొద్దున కమిషనరు గారు మళ్ళీ వచ్చారు. సలోమమ్మ చేతులు జోడించి, "ముందు తమరు" అంది. ఆయన నిరుటి సంగతి మరచిపోయినట్టు లేరు. చాలాసేపు గుడ్డుని అటూ ఇటూ తిప్పారు. వాసన చూశారు. ఒలిచారు. కొద్దిగా కొరికారు. తర్వాత మిగతాది ఒక్కసారే నోట్లో వేసుకున్నారు. "ఇంకోటుందా?" అన్నారు.

"లేదండీ. మిగతావాటి మీద పేర్లున్నాయి" అంది సలోమమ్మ.

పిల్లలు బుట్ట మీద పడ్డారు. ఎవరి పేరు వాళ్ళు వెతుక్కున్నారు. రూతు తన గుడ్డు రెండు చేతులతో పట్టుకుని పేరు చదువుకుంది, ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లిగా. ఒలవడానికి దానికి మనసొప్పలేదు. పక్కవాళ్ళు తినేస్తుంటే చూసి, ఇక ఆగలేక ఒలిచింది.

అది తినడం అయ్యేదాకా సలోమమ్మ అక్కడే నుంచుంది. తర్వాత కొంగు ముడి విప్పి ఇంకో ఎర్ర గుడ్డు తీసింది. దాని మీద కూడా రూతు అనే రాసి ఉంది, సలోమమ్మ చేతిరాతలో.

"నాది తినేశాను కదా మామ్మా, ఇదేంటి?"

"ఇది నిరుటిదే" అంది సలోమమ్మ.